కాలాక వంకరపోయిన కప్పులు: రేణిగుంటలో ఒక పింగాణీ యూనిట్ కేసు

యూనిట్ చిన్నది. రేణిగుంట దగ్గర రేకుల షెడ్డు, రాయి నూరే ఒక బాల్ మిల్లు, నీళ్లు పిండే ఫిల్టర్ ప్రెస్, మట్టి పిసికే పగ్ మిల్లు, కప్పులు తిప్పే జిగ్గర్లు, గ్యాసుతో నడిచే షటిల్ కిల్న్, అంటే సరుకు కాల్చే కొలిమి. తిరుపతి హోటళ్లకు, లాడ్జిలకు కాఫీ కప్పులు, సాసర్లు, చట్నీ గిన్నెలు చేస్తారు. యజమాని బాడీ, అంటే కప్పు చేసే మట్టి మిశ్రమం తయారీ, మిషన్లు చూసుకుంటాడు. ఆయన భార్య గ్లేజు, అంటే కప్పు పైన మెరిసే గాజు పూత కలపడం, లెక్కలు చూస్తారు. కిల్న్ కాల్చేది పలమనేరు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన. కుండల ఆవం దగ్గర పుట్టి పెరిగి, తర్వాత గ్యాసు మంట నేర్చుకున్న మనిషి.

నన్ను పిలిచేనాటికి కప్పు మూతులు గుండ్రంగా రావడం ఆగిపోయింది. చెవి ఉన్న వైపుకి లాగేసినట్టు అండాకారం తిరుగుతున్నాయి. సాసర్ల నడిమి భాగం కిందికి కుంగుతోంది. కప్పు పెడితే ఊగుతోంది. కిల్న్ నుంచి దించిన సరుకులో దాదాపు మూడో వంతు సెకండ్స్‌లోకి పోతోంది. హోటళ్ల వాళ్లు ట్రేలో కప్పులు ఒకదాని మీద ఒకటి పేరుస్తారు కాబట్టి వంకర మూతి కప్పుని వెంటనే పట్టేస్తారు, వాపసు పంపిస్తారు. చిట్లడం, పొక్కులు, నల్ల చుక్కలు లాంటి ఇంకే లోపమూ లేదు. గ్లేజు అద్దంలా ఉంది. తెలుపు మునుపటికంటే బాగుందని కూడా అన్నారు. ఆ చివరి మాట నేను నోట్‌బుక్‌లో రాసుకున్నాను.

యజమాని అప్పటికే తీర్పు ఇచ్చేశాడు: పెద్దాయన మంట ఎక్కువ పెడుతున్నాడు. చిన్న యూనిట్లన్నిట్లోనూ ఇదే అలవాటు. సరుకు పాడైతే ముందు వేలు చూపించేది కిల్న్ మనిషి మీదికే. రాయి ఎక్కణ్నుంచి వచ్చింది, ఏ లాటు, ఎంత మెత్తగా నూరారు అని అడిగేవాళ్లు తక్కువ. ఎర్రగా మండేది కిల్న్ ఒక్కటే కాబట్టి తప్పు అక్కడే జరిగి ఉంటుందనుకుంటారు.

పెద్దాయన గొడవపడలేదు. "మంట నేను మార్చల్యా సార్. కోన్లు చూడండి, ఎప్పుడూ వాలినట్టే వాలి ఉండాయి" అన్నాడు. అని కిటికీ గూట్లో వరసగా పెట్టిన కోన్లు తీసి చూపించాడు. ప్రతి ఫైరింగ్ తర్వాత వాలిన కోన్‌ని పారేయకుండా, దాని మట్టి పీఠం మీద బొగ్గుతో తేదీ రాసి దాచుకున్నాడు. ఎవరూ చెప్పలేదు, తనే మొదలుపెట్టిన అలవాటు. ఈ కేసుకి మొదటి సాక్ష్యం అదే.

కోన్ సంగతి తెలియనివాళ్లకి రెండు మాటలు. థర్మోకపుల్ తన మొన దగ్గర ఆ క్షణంలో ఎంత వేడి ఉందో మాత్రమే చెబుతుంది. పింగాణీకి అది చాలదు. 1,280 డిగ్రీల సెంటీగ్రేడ్‌కి గంటలో చేరడం, నాలుగు గంటల్లో చేరడం ఒకటి కాదు. సరుకు మీద పడేది వేడీ కాలమూ కలిసిన పని. దాన్ని కొలవడానికి బెర్లిన్‌లో హెర్మన్ సేగర్ 1886లో కోన్లు తయారుచేశాడు. అమెరికాలో ఎడ్వర్డ్ ఆర్టన్ 1896లో తన కోన్ల తయారీ మొదలుపెట్టాడు. కోన్ అంటే లోపల కాలుతున్న కప్పులాగే మట్టి, ఫెల్డ్‌స్పార్ అనే కరిగే రాయి, సిలికా (పలుగురాయి పొడి) కలిపి చేసిన సన్నటి మూడు పలకల ముక్క. తగినంత మంట తగలగానే మెత్తబడి వాలిపోతుంది. ఈ యూనిట్‌లో వాడేది 9వ నంబరు కోన్.

గూట్లోని కోన్లన్నిటినీ పక్కపక్కన పేర్చి చూశాం. మంచి కప్పులు వచ్చిన నెలల కోన్లకీ, వంకర కప్పులు వచ్చిన నెలల కోన్లకీ వాలులో తేడా లేదు. అయితే ఆ కోన్లన్నీ చూపు రంధ్రం ఎదుట పెట్టినవి. మిగతా కిల్న్‌లో ఏం జరుగుతోందో వాటికి తెలియదు. అందుకని తర్వాతి ఫైరింగ్‌లో పై వరస, నడిమి వరస, అడుగు వరసల్లో కోన్లు పెట్టించాను. పైన కొంచెం ఎక్కువ, అడుగున కొంచెం తక్కువ. ఈ తరహా కిల్న్‌కి అది మామూలే. పై వరస సరుకు ఎక్కువగా వంగింది, నిజమే. కానీ అడుగు వరసలో కూడా వంగింది. మంటే దోషమైతే అడుగున సరుకు బాగుండాలి.

దాంతో కిల్న్‌ని పక్కన పెట్టాను. అయినా మట్టి మీదికి వెంటనే పోలేదు. మధ్యలో ఇంకో అనుమానం తీరాలి.

కప్పు మూతి వంకరకి రెండు మూలాలు ఉంటాయి. పచ్చిగా ఉన్నప్పుడు అచ్చులోంచి తీసేటప్పుడు గట్టిగా నొక్కినా, చెవి అతికేటప్పుడు పట్టుకున్న చోట ఒత్తిడి పడినా, మళ్లీ చేత్తో గుండ్రంగా సర్దినా సరే, మట్టి ఆ ఒత్తిడిని గుర్తుపెట్టుకుంటుంది. ఎండేటప్పుడో కాలేటప్పుడో మళ్లీ ఆ వంకరలోకి పోతుంది. రెండో మూలం పెద్ద మంటలో జరిగే కుంగుబాటు. ఈ రెండింటినీ విడదీసే దారి సులువే. ఈ యూనిట్‌లో సరుకుని ముందు 950 డిగ్రీల దగ్గర బిస్క్ కాల్చి, గ్లేజులో ముంచి, మళ్లీ పెద్ద మంటకి పంపుతారు. బిస్క్ కప్పుల మూతులు కాలిపర్‌తో రెండు దిక్కులా కొలిచి, పెన్సిల్‌తో గుర్తు పెట్టి, అవే కప్పులని గ్లేజు ఫైరింగ్ తర్వాత మళ్లీ కొలిచాం. బిస్క్‌లో గుండ్రంగా ఉన్న కప్పే పెద్ద మంట తర్వాత అండాకారం తిరిగింది. జిగ్గర్ మీద పనిచేసే అమ్మాయిల మీద కూడా తప్పు లేదని అక్కడితో తేలింది.

మంట మారలేదు, చేతిపని మారలేదు. అదే మంటకి బాడీ ఇదివరకటికంటే ఎక్కువ మెత్తబడుతోంది.

పింగాణీ కాలేటప్పుడు లోపల జరిగేది తెలిస్తేనే తర్వాతి పరీక్షలు అర్థమవుతాయి. పింగాణీలో ప్రధానంగా ఉండేవి మూడు: చైనా క్లే, ఫెల్డ్‌స్పార్, పలుగురాయి. యూరప్ గట్టి పింగాణీకి పాఠ్యపుస్తకాల్లో కనిపించే పాళ్లు 50, 25, 25. చైనా క్లేలోని ప్రధాన ఖనిజం కయొలినైట్. దానిలో బంధించి ఉన్న నీరు 550 డిగ్రీల చుట్టుపక్కల పోతుంది. 1,000 డిగ్రీలు దాటాక అది ముల్లైట్‌గా మారడం మొదలవుతుంది. స్కాట్లాండ్‌లోని మల్ దీవిలో సహజంగా దొరికిన ఖనిజం కాబట్టి దానికా పేరు. అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్), సిలికా కలిసిన గట్టి స్ఫటికం అది. ఫెల్డ్‌స్పార్ కరిగి చిక్కటి ద్రవమవుతుంది. ఆ ద్రవంలో కొంత పలుగురాయి కరుగుతుంది, అందులోనే ముల్లైట్ సన్నటి సూదుల్లా పెరుగుతుంది. చల్లారాక చూస్తే కప్పులో సగానికి పైగా గాజే. అంటే పెద్ద మంట మీద ఉన్నప్పుడు ఆ కప్పు నిజానికి స్ఫటికాలు నిండిన చిక్కటి ద్రవం. అలాంటిది నిలబడగలగడానికి కారణాలు ముల్లైట్ సూదుల అల్లిక, కరగని పలుగు రేణువులు, అన్నిటికంటే ముఖ్యంగా ఆ ద్రవం చిక్కదనం.

ఆ చిక్కదనాన్ని ఫెల్డ్‌స్పార్ రకం నిర్ణయిస్తుంది. పొటాష్ ఫెల్డ్‌స్పార్ 1,150 డిగ్రీల దగ్గర కరగడం మొదలుపెట్టినా ఒక్కసారిగా కరగదు. ముందు లూసైట్ అనే ఇంకో స్ఫటికాన్ని ఇచ్చి, కొంత భాగమే ద్రవమవుతుంది. ఆ ద్రవం చాలా చిక్కన, వేడి పెరిగినా నెమ్మదిగా పల్చబడుతుంది. సోడా ఫెల్డ్‌స్పార్, అంటే ఆల్బైట్, సుమారు 1,120 డిగ్రీలకే కరుగుతుంది. దాని ద్రవం పల్చన. కాబట్టి పొటాష్ బాడీకి మంటలో వెసులుబాటు ఎక్కువ, ఇరవై ముప్పై డిగ్రీలు అటూ ఇటూ అయినా కప్పు ఓర్చుకుంటుంది. సోడా బాడీ త్వరగా గట్టిపడుతుంది గానీ, కాస్త మీరితే కుంగుతుంది.

పింగాణీ చరిత్ర చదివినప్పుడల్లా నాకు ఈ ఒక్క విషయమే మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. చైనాలో జింగ్‌డెజెన్ కుమ్మరులు మొదట్లో పింగాణీ రాయిని ఒక్కదాన్నే నూరి వాడేవారు. అందులో అభ్రకం జాతి ఖనిజం, పలుగురాయి సహజంగానే కలిసి ఉంటాయి. యువాన్ వంశం కాలంలో దానికి కయొలిన్, అంటే చైనా క్లే, కలపడం మొదలైంది. దాంతో ఇంకా ఎక్కువ మంట పెట్టగలిగారు, పెద్ద పాత్రలు వంగకుండా నిలిచాయి. అక్కడే ఉన్న ఫ్రెంచ్ పాదిరి డాంత్రకోల్ 1712లో రాసిన ఉత్తరంలో ఒక సంగతి ఉంది. విదేశీయులు కొందరు ఆ రాయి ఇటుకలు మాత్రమే కొనుక్కుపోయి, కయొలిన్ లేకుండా పింగాణీ చేయబోయి విఫలమయ్యారట. అది విన్న చైనా వర్తకుడు నవ్వి, ఎముకలు లేకుండా మాంసం ఒక్కదానితో ఒళ్లు నిలబెట్టాలనుకున్నారని అన్నాడట. మూడు వందల ఏళ్ల కిందటి ఆ మాట కంటే మెరుగ్గా నేను ముల్లైట్‌ని ఎవరికీ వివరించలేకపోయాను. రేణిగుంటలోనూ అదే చెప్పాను.

యూరప్‌లో కథ ఇంకోలా నడిచింది. సాక్సనీ పాలకుడు అగస్టస్ చెరలో ఉంచుకున్న రసవాది బోట్గర్, గణితం, కటకాల పని తెలిసిన చిర్న్‌హౌస్‌తో కలిసి గట్టి పింగాణీ రహస్యం పట్టాడు. 1708 జనవరి నాటి ప్రయోగాల కాగితం ఇప్పటికీ ఉంది. 1710లో మైసెన్ కార్ఖానా మొదలైంది. అయితే బోట్గర్ కరిగించడానికి వాడింది ఫెల్డ్‌స్పార్ కాదు, అలబాస్టర్, అంటే జిప్సం జాతి రాయి. సున్నపు అంశంతో కరిగే బాడీ ఓ మోస్తరు వేడి వరకు ఏమీ ఎరగనట్టుండి, ఆ తర్వాత హఠాత్తుగా కుంగుతుంది. బోట్గర్ 1719లో చనిపోయాక మైసెన్‌లో క్రమంగా ఫెల్డ్‌స్పార్ ఉన్న రాయి వైపు మళ్లారు. మట్టి అంతే తెల్లన, కరిగించే రాయి మాత్రం వేరు, దాంతో మంటలో ప్రవర్తనే వేరు.

ఇక మా పరీక్షలు. యూనిట్ వెనక ఒక డ్రమ్ములో పాత స్క్రాప్ మట్టి మిగిలి ఉంది. మంచి కప్పులు వచ్చిన రోజుల్లో గీసి పారేసిన ఎండు ముక్కలు. వాటిని నానబెట్టి, పగ్ చేసి, ఒకే అచ్చులో సన్నటి పట్టీలు చేశాం. కొత్త మట్టితోనూ అదే అచ్చులో పట్టీలు చేశాం. ఎండాక రెండు రకాలనీ ఒకే షెల్ఫు మీద, రెండు చివర్లా ఆనింపు ఇచ్చి, నడిమి గాలిలో ఉండేలా పెట్టి కాల్చాం. పాత మట్టి పట్టీలు కొద్దిగా మాత్రమే వంగాయి. కొత్తవి ఉయ్యాలలా వేలాడాయి. పెద్దాయన ఆ షెల్ఫుని అలాగే ఎత్తి యజమాని ముందు పెట్టాడు, ఏమీ అనలేదు. యజమాని కాసేపు చూసి "తప్పైంది అన్నా" అన్నాడు.

మట్టిలో ఏం మారిందని రిజిస్టరు తెరిచాం. చైనా క్లే తిరువనంతపురం దగ్గరి తోన్నక్కల్ వైపుది, మారలేదు. పలుగురాయి మారలేదు. ఫెల్డ్‌స్పార్ కొత్త లాటు వచ్చింది. గూడూరు వైపు రాయే, ధర తక్కువ, మునుపటి దానికంటే తెల్లగా ఉంది. తెల్లటి రాయి తక్కువకి దొరికిందని సంతోషించారు.

గూడూరు, సైదాపురం ప్రాంతంలో పెగ్మటైట్ అనే, పెద్ద పెద్ద స్ఫటికాలున్న రాళ్లున్నాయి. అక్కడి కాకిబంగారం గనులు పేరున్నవి. ఆ అభ్రకంతోపాటే పలుగురాయి, ఫెల్డ్‌స్పార్ వస్తాయి. పెగ్మటైట్ నిలువునా ఒకే రకం రాయి కాదు. ఒక పొరలో మైక్రోక్లిన్ అనే పొటాష్ రకం, కొన్ని గజాల అవతల ఆల్బైట్ ఉండొచ్చు. మైక్రోక్లిన్ చాలాసార్లు లేత గులాబీ, మీగడ రంగుల్లో ఉంటుంది. ఆల్బైట్ తరచుగా తెల్లగా ఉంటుంది. అందుకని తెలుపు చూసి కొనే అలవాటు ఫెల్డ్‌స్పార్ విషయంలో ప్రమాదం. పచ్చి రాయి గులాబీగా ఉన్నా ఇనుము తక్కువైతే కాలాక తెల్లగానే వస్తుంది. కాలిన కప్పు తెలుపుని నిర్ణయించేది ఇనుము, టైటానియం పాళ్లు. ఇది గూడూరులో సిరామిక్ డిప్లొమా చదివే ప్రతి పిల్లవాడూ నేర్చుకునేదే. అయినా కొనుగోలు దగ్గరికి వచ్చేసరికి కన్నే నిర్ణయిస్తోంది.

రెండు లాట్ల పొడినీ కొద్దిగా జిగురు నీళ్లతో కలిపి చిన్న గోపురాల్లా చేసి, పక్కపక్కన పెట్టి కాల్చాం. దీన్ని బటన్ టెస్ట్ అంటారు, ఖర్చు ఏమీ లేదు. పాత లాటు గోపురం అంచులు గుండ్రబడి, పాలరంగులో ముద్దగా నిలబడింది. కొత్తది కరిగి, మెరిసే బిళ్లలా పరుచుకుంది. రూఢి చేసుకోవడానికి రెండింటినీ ల్యాబ్‌కి పంపాం. పాత లాటులో పొటాషియం ఆక్సైడ్ 10 శాతం పైన, సోడియం ఆక్సైడ్ 3 శాతం దాకా ఉంది. కొత్త దాంట్లో సోడియం 7 శాతం దగ్గర, పొటాషియం 4. కల్తీ కాదు, మోసం కాదు, అది కూడా మంచి ఫెల్డ్‌స్పారే. టైల్స్‌కి, గ్లేజులకి చక్కగా పనికొస్తుంది. సన్నటి కప్పుకి, ఈ కిల్న్‌కి, ఈ పాళ్లకి సరిపడలేదు.

పరిష్కారం దగ్గర యజమాని మొదట అడిగింది మంట తగ్గించమని. గ్యాసూ మిగులుతుంది కదా అన్నాడు. ఆ మాటలో న్యాయం ఉంది, సోడా బాడీ తక్కువ మంటకే గట్టిపడుతుంది. కానీ ఒక కోన్ నంబరు తగ్గించి చూస్తే గ్లేజు పూర్తిగా కరగక, సూది బెజ్జాలు మిగిలి, మెరుపు పోయింది. పైగా పైవరసకీ అడుగువరసకీ ఉన్న ఆ కాస్త తేడా సోడా బాడీకి ఎక్కువైంది. పైన ఇంకా వంగుతూనే ఉంది, అడుగున నీళ్లు పీలుస్తోంది. కప్పు నీరు పీల్చడం అరశాతం దాటితే దాన్ని నేను పింగాణీ అని ఒప్పుకోను. హోటల్లో రోజంతా కడిగే కప్పు అది. నీరు పీలిస్తే గ్లేజు కింద మరకలు పడతాయి, బాడీ ఉబ్బి గ్లేజు సన్నగా చిట్లుతుంది. గ్లేజుని తిరగరాసి మొత్తం తక్కువ మంటకి మారడం ఇంకో దారి. అది కొత్త సరుకు పుట్టించడమే, చేతిలో ఆర్డర్లున్న యూనిట్ చేసే పని కాదు.

చివరికి ఫెల్డ్‌స్పార్‌లో మూడింట రెండు వంతులు పొటాష్ లాటు, ఒక వంతు మిగిలిన సోడా లాటు కలిపాం. మొత్తం ఫెల్డ్‌స్పార్‌ని 27 నుంచి 25కి తగ్గించి, ఆ రెండు భాగాలూ చైనా క్లేకి ఇచ్చాం. కొన్న తెల్లరాయి వృథా కాలేదు. క్లే పెరిగితే కుదింపు పెరుగుతుందని, ఎండేటప్పుడు చెవి అతుకు దగ్గర చీలే అవకాశం ఉందని ముందే చెప్పాను. చెవులు అతికాక మొదటి రోజు గోనెపట్టా కప్పి నెమ్మదిగా ఆరనివ్వడం మొదలుపెట్టారు.

ఒక ట్రయల్‌లో క్లేని ఇంకా పెంచి చూశాం. కప్పులు నిటారుగా నిలిచాయి. కానీ వేడి చేసి చన్నీళ్లలో ముంచితే గ్లేజు మీద వల లాంటి గీతలు వచ్చాయి. బాడీ కంటే గ్లేజు చల్లారేటప్పుడు ఎక్కువ కుదించుకుంటే జరిగేది ఇదే. గ్లేజు సాగుడుకు గురై చిట్లుతుంది. ఆ ట్రయల్ వదిలేశాం. ఎంచుకున్న పాళ్లలో కూడా జాగ్రత్తకి యజమాని భార్య గ్లేజులో సన్నటి సిలికా కొద్దిగా పెంచారు. సిలికా పెరిగితే గ్లేజు వ్యాకోచం తగ్గుతుంది. గ్లేజు పుస్తకంలో ఆమె ప్రతి మార్పూ తేదీతో రాసుకున్న తీరు చూసి, బాడీ రిజిస్టరు కూడా ఆమె చేతికే ఇమ్మని యజమానికి చెప్పాను. ఇచ్చాడు.

పలుగురాయిని తగ్గించి అల్యూమినా వేస్తే కప్పు ఇంకా బలంగా ఉంటుంది కదా అని అడిగారు. ఉంటుంది. ఇన్సులేటర్లు చేసేవాళ్లు చేసేది అదే. పలుగురాయి 573 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా రూపం మార్చుకుని ఉబ్బుతుంది, చల్లారేటప్పుడు అక్కడే కుదించుకుంటుంది. రేణువుల చుట్టూ సన్నటి పగుళ్లు రావడానికి అదొక కారణం. అల్యూమినాకి ఆ గుణం లేదు. కానీ కాఫీ కప్పు ధరలో అల్యూమినా ఖర్చు ఇమడదు.

కొత్త పాళ్లతో సరుకు నిలకడగా వస్తోంది. వంకర కప్పులు పూర్తిగా పోలేదు, పై వరస మూలల్లో కొన్ని ఇంకా వస్తున్నాయి. ముందు కాలంలో కూడా అన్నే వచ్చేవని పెద్దాయన అన్నాడు, కోన్ల పక్కన ఆ లెక్క కూడా పెట్టుకున్నాడు. ఇప్పుడు ఫెల్డ్‌స్పార్ లారీ దిగగానే బస్తాల్లోంచి నమూనా తీసి, పాత పొటాష్ లాటు గోపురం పక్కన పెట్టి, తర్వాతి ఫైరింగ్‌లో కాలుస్తున్నారు. ఆ ఫలితం వచ్చేదాకా ఆ లాటుని బాల్ మిల్లులో వేయరు. ప్రతి లాటు నుంచి ఒక సీసా పొడి దాచిపెడుతున్నారు. నేను చూసిన చిన్న యూనిట్లలో ఈ సీసా ఉన్నచోటు చాలా అరుదు, అది లేకనే ఎక్కువ కేసులు తేలకుండా పోతాయి. ఇక్కడ డ్రమ్ములో స్క్రాప్ మిగలకపోతే ఈ కేసూ అనుమానంగానే మిగిలేది.

తేలనిది పెద్ద ప్లేట్ల సంగతి. టిఫిన్ ప్లేట్లు కూడా చేయమని ఒక హోటల్ అడిగింది. ఆనింపు లేని నిడివి రెండింతలైతే అదే మందంలో కుంగుబాటు పదహారింతలు అవుతుంది, ఎందుకంటే అది నిడివి నాలుగో ఘాతంతో పెరుగుతుంది. మందం పెంచితే కుంగుబాటు తగ్గుతుంది గానీ బరువు, గ్యాసు రెండూ పెరుగుతాయి. కప్పు బాడీనే వాడుతూ, ప్లేటు అడుగు వంపుకి సరిపోయే మట్టి సెట్టర్లు, అంటే కింద ఆనింపు ఇచ్చే దిమ్మలు, చేయించి, వాటి మీద కాల్చి చూస్తున్నాం. సెట్టర్ కూడా ప్లేటుతోపాటే కుదించుకోవాలి కాబట్టి దాన్నీ అదే బాడీతో చేసి, అతుక్కోకుండా పైన అల్యూమినా పూత పూస్తున్నారు. ప్రతి సెట్టర్ ఒక్క ఫైరింగ్‌కే పనికొస్తుంది. ఆ ఖర్చు ప్లేటు ధరలో ఎంత పడుతుందో లెక్క తేలాకే హోటల్‌కి మాట ఇస్తామని యజమాని భార్య అన్నారు. ట్రయల్ ప్లేట్లు ఈ వారం కిల్న్‌లోకి వెళ్తున్నాయి.